సంతకం మీది... ఇవ్వాల్సింది మీవాళ్లు

‘డాక్టరు గారూ, దేహదానం ఫారం నింపుదామనుకుంటున్నా. మంచిదేనా?’ రిటైరైన పెద్దలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. మంచిదే. అయితే నేను తిరిగి ఒకటి అడుగుతాను: ఇంట్లో చెప్పారా? చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఫారం బీరువాలో ఉంటుంది, సంగతి పిల్లలకు తెలియదు.

మీ సంతకం మీ కోరికను తెలిపే కాగితం మాత్రమే. మీరు పోయాక అది పట్టుకుని కాలేజీ వాళ్లు మీ గుమ్మం ముందుకు రారు. ఫోన్ చేయాల్సిందీ, శరీరాన్ని అప్పగిస్తూ మళ్లీ సంతకం పెట్టాల్సిందీ మీ భార్యో భర్తో పిల్లలో. వాళ్లలో ఒక్కరు గట్టిగా వద్దన్నా కాలేజీలు మామూలుగా వెనక్కి తగ్గుతాయి.

2024 సెప్టెంబరులో తొమ్మిది రోజుల తేడాతో ఇద్దరు సీపీఎం నాయకులు కన్నుమూశారు. సీతారాం ఏచూరి శరీరాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు బోధన, పరిశోధనల కోసం అప్పగించింది. రెండు రోజుల్లో అంతా అయిపోయింది. కేరళలో ఎం.ఎం. లారెన్స్ విషయంలో అలా జరగలేదు. తండ్రి కోరిక ఇదేనని కొందరు పిల్లలు, కాదు, చర్చి పద్ధతిలో ఖననం చేయాలని ఒక కుమార్తె. వివాదం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు దానానికే అనుకూలంగా వచ్చింది గానీ, అప్పటికి 2025 జనవరి. ఆ నాలుగు నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచి ఉంటాయో ఊహించండి.

కుటుంబాలు వెనకాడటానికి భక్తి కన్నా, భయం కన్నా, లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. ‘మహాత్యాగం’ అని శాలువా కప్పే సభల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. చెబితే ఎవరూ ఇవ్వరని అనుమానం కాబోలు. దానితో నేను ఏకీభవించను. తెలిసి ఇచ్చిందే దానం.

డాక్టరు ఇచ్చిన మరణ ధ్రువపత్రం, ఆధార్ చూసి అనాటమీ విభాగం శరీరాన్ని తీసుకుంటుంది. తొడ దగ్గరో మెడ దగ్గరో ఉండే పెద్ద ధమని ద్వారా ఫార్మలిన్, గ్లిజరిన్, స్పిరిట్ వంటివి కలిపిన ద్రావణాన్ని కొన్ని లీటర్లు ఎక్కిస్తారు. ఇదే ఎంబామింగ్. ద్రావణం రక్తనాళాల వెంట ఒళ్లంతా పాకి, కుళ్లిపోకుండా ఆపుతుంది. శరీరం గట్టిపడుతుంది, రంగు మారుతుంది. పేరు రిజిస్టరులో ఉండిపోతుంది, శరీరానికి ఒక నంబరు మిగులుతుంది. వెంటనే పాఠానికి రాదు. నెలల తరబడి తొట్టెలో ఉంచుతారు.

తర్వాత ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థుల ముందుకు వస్తుంది. మొదటి రోజు వాళ్లు ఆ శరీరాన్ని గౌరవిస్తామని ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత కోస్తారు. ఈ మాట దాచడం దేనికి? చర్మం, కండరం, నరం, రక్తనాళం... పొరలు పొరలుగా, నెలల పాటు. పుస్తకంలో బొమ్మ ఒక్కటే ఉంటుంది, మనుషులు మాత్రం లోపల కూడా ఒకేలా ఉండరు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే మేం సూదిని పక్కటెముక పై అంచును ఆనుకుని గుచ్చుతాం. ఎందుకంటే కింది అంచు చాటున సిర, ధమని, నరం కలిసి వెళ్తుంటాయి. ఆ సంగతి పుస్తకంలో చదివాను, నమ్మింది మాత్రం ఒక శరీరం మీద చూశాకే. వార్డులో సూది పట్టుకున్నప్పుడల్లా ఆ దృశ్యమే కళ్ల ముందుంటుంది.

ఆ శరీరం ఎవరిదో నాకు తెలియదు. మా తరం డాక్టర్లలో ఎక్కువమంది నేర్చుకున్నది అనాథ శవాల మీదే. రోడ్డు పక్కన, ఆసుపత్రి వరండాలో పోయిన పేదలు. అయినవాళ్లు ఎవరూ రాకపోతే వైద్య కళాశాలకు ఇచ్చేందుకు చట్టం వీలు కల్పిస్తుంది. వాళ్లను ఎవరూ అడగలేదు. ఇప్పుడు జిల్లాజిల్లాకూ కొత్త కాలేజీలు వచ్చాయి. ఆ అవసరమంతా దిక్కులేనివాళ్లే తీర్చాలా? అడిగితే ‘సరే’ అనగలిగిన మనలాంటి వాళ్లు ముందుకు రావాలని నేననేది అందుకే.

పాఠాలు అయ్యాక మిగిలిన భాగాలను కాలేజీయే దహనమో ఖననమో చేస్తుంది. ఎముకలను శుభ్రం చేసి బోధనకు ఉంచుకోవడమూ ఉంది. శరీరం గానీ అస్థికలు గానీ సాధారణంగా ఇంటికి తిరిగి రావు. ఇది మీ పిల్లలకు ముందే తెలియాలి. అంత్యక్రియల రోజున కుటుంబానికి కబురు చేయడం ప్రతి కాలేజీకీ తప్పనిసరి చేయాలన్నది నా మాట. ఒక్క ఫోన్ కాల్‌కు ఖర్చెంత?

కర్మకాండ సంగతేమిటని అడుగుతారు. దేహం ఇచ్చి కూడా దినవారాలు శ్రద్ధగా జరిపిన కుటుంబాలున్నాయి. శరీరం దొరకనప్పుడు దర్భలతో ప్రతిమ చేసి కర్మ జరిపే పద్ధతి మన సంప్రదాయంలోనే ఉంది. మీ పురోహితుణ్ని ఇప్పుడే అడగండి, పోయిన రోజున కాదు.

ఇచ్చినా తీసుకోని సందర్భాలున్నాయి. పోస్టుమార్టం జరిగినా, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి ఇన్‌ఫెక్షన్లున్నా, ఒళ్లంతా పుండ్లు పడినా కాలేజీలు వద్దంటాయి. దాన్ని అవమానంగా తీసుకోవద్దు, అది విద్యార్థుల క్షేమం కోసం. బ్రెయిన్ డెత్ తర్వాత జీవన్‌దాన్ ద్వారా గుండె, కాలేయం, కిడ్నీలు ఇస్తే దేహదానం కుదరదు. అప్పుడు అవయవదానానికే ఓటేయండి, ఎదురుగా ఒక ప్రాణం ఉంది. నేత్రదానానికి మాత్రం దేహదానంతో పేచీ లేదు. ఆరు గంటల్లోపు ఐ బ్యాంకు వాళ్లు వచ్చి కార్నియాలు తీసుకుంటారు, ఆ తర్వాత శరీరాన్ని కాలేజీకి పంపవచ్చు. ఫ్యాను ఆపేసి, కళ్లు మూసి, రెప్పల మీద తడిగుడ్డ వేసి ఉంచితే చాలు.

ఈ ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఫారం బీరువాలోంచి తీసి చదివి వినిపించండి. అమెరికాలో ఉన్న అబ్బాయినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. అనాటమీ విభాగం నంబరు ఫ్రిజ్ తలుపుకు అంటించండి. రాత్రి వేళ, పండుగ రోజున ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో, బండి వాళ్లు పంపుతారో మీరే మాట్లాడుకోవాలో కూడా కనుక్కుని, దాని కిందే రాసి పెట్టండి.