పంపకాలు తేలని స్థలంలో
రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారిలో ఒక రెడీమేడ్ ఇల్లు లారీ మీద పోతుంటే, వెనక బండ్లవాళ్లు హారన్లు మాని ధర లెక్కలేసుకుంటున్నారు. చవకని అందరూ అంటారు గానీ, నాకు ఆ మాట మీద గురి లేదు. మన డెల్టాలో నడుం విరిచేది గోడల ఖర్చు కాదు, నేల ఖర్చు. చేలో సైటు కొంటే మెరక తోలించాలి, బంకమట్టి కుంగకుండా దిమ్మెలు పోయాలి. పైగా, పునాది లేని ఇంటికి బ్యాంకులో గృహరుణం పుట్టడమూ కష్టమే. అయినా నేను దాని పక్షమే. మన ఊళ్లలో తాతల నాటి ఉమ్మడి స్థలాలెన్నో పంపకాలు తేలక తుప్పలు పట్టి ఉన్నాయి. అన్న పునాది తీస్తే తమ్ముడు కోర్టుకెక్కుతాడు. ఆ భయానికి ఇద్దరూ అద్దె కొంపల్లోనే. అలాంటి చోట అన్న ఓ మూల ఈ రెడీమేడ్ ఇల్లు దించుకోవచ్చు. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఇల్లంటే 200 చదరపు అడుగులు, అర సెంటు కూడా పట్టదు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం పట్టణ పేదలకు ఇళ్ల స్థలాలు పంచిందే సెంటు చొప్పున. రేపు పంపకాల్లో ఆ మూల తమ్ముడి వాటాకి పడితే క్రేను పిలిచి ఇల్లు ఇటు జరుపుకోవచ్చు. శ్లాబుకి ఆ వీలుందా? కాకపోతే, అడ్వాన్సు ఇచ్చేముందే వాటాదారులందరి చేతా కాగితం మీద సంతకాలు పెట్టించుకోండి.