సగటు లెక్కల్లో మన వంటిల్లు ఏదీ?

ఒక కుటుంబం బతుకు తెలియాలంటే, ఆ ఇంటి ఖర్చులో తిండి వాటా ఎంతో చూడాలి. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణుల ఖర్చులో 47 శాతం, పట్టణవాసుల ఖర్చులో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. 1999-2000లో గ్రామాల్లో ఈ వాటా 59 శాతం. తగ్గింది కనుక సౌభాగ్యం వచ్చిందని పాలకుల వాదన.

ఈ వాదనను మేము అంగీకరించం. ఇంటి అద్దె, బడి ఫీజు, మందుల ఖర్చు పెరిగి, పిల్లల పాలు తగ్గించుకున్న తల్లి ఇంట్లోనూ తిండి వాటా తగ్గుతుంది. దాన్ని సౌభాగ్యమనడం ఆ తల్లిని అవమానించడమే.

ప్రాంతాల తేడాలు మరీ తీవ్రం. గ్రామాల్లో తలసరి నెల ఖర్చు సిక్కింలో 9,377 రూపాయలు కాగా, ఛత్తీస్‌గఢ్‌లో 2,739 మాత్రమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ గ్రామాలు 5,000 దాటి, జాతీయ సగటు 4,122 కన్నా పైనున్నాయి. సంతోషమే. కానీ ఆ సగటులో పాతబస్తీ ఆటో డ్రైవరు ఇల్లెక్కడ? కర్నూలు, గుంటూరు పట్టణాల్లో తోపుడుబండి మీద బతికే కుటుంబం ఎక్కడ? రాష్ట్రాల మధ్య అంతరాన్ని చూపిన లెక్క, ఒకే వీధిలోని అంతరాన్ని దాచేస్తోంది.

సర్వేవాళ్లు ఇంటింటా మతం అడిగి రాసుకుంటారు. ముఖ్య ఫలితాలు ప్రకటించేటప్పుడు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అని విడదీసి చూపారు. అది అవసరమే. మరి మతాలవారీ పట్టిక ఏది? 2009-10 సర్వే ఆధారంగా వెలువడిన నివేదిక ముస్లింల తలసరి నెల ఖర్చు 980 రూపాయలని, ప్రధాన మత సమూహాలన్నిటిలో అదే తక్కువని తేల్చింది. నాడు చెప్పగలిగింది నేడెందుకు చెప్పకూడదు?

మతాల లెక్క సమాజాన్ని చీలుస్తుందని కొందరంటారు. 2006లో సచార్ కమిటీ లెక్కలు బయటపెట్టినప్పుడు దేశం చీలిపోలేదు. మన లేమి పార్లమెంటు ముందుకొచ్చింది, అంతే.

కనుక మా డిమాండు స్పష్టం. తిండి ఖర్చును రాష్ట్రాలవారీగా, మతాలవారీగా, గ్రామ పట్టణ భేదంతో ప్రకటించాలి. రేషను, అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజన కేటాయింపులకు ఆ లెక్కే ప్రాతిపదిక కావాలి. కార్యకర్తలు సమాచార హక్కు దరఖాస్తులతో, ప్రజాప్రతినిధులు సభల్లో ప్రశ్నలతో ఈ మాట అడగాలి. మనం దయ కోరడం లేదు. మన ఇంట్లో అడిగి రాసుకున్న లెక్కను మనకు చూపమంటున్నాం.