డాలర్ ఊరికి, దినార్ వాడకి

పోయిన భాగంలో హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి విదేశాల నుంచి వచ్చే డబ్బు గురించి.

మా పిన్ని పదకొండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆమె పంపిన దినార్లతో ముందు ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు తీరింది. తర్వాత తాతకి మందులు, నాకు కాలేజీ ఫీజు, చివరికి రెండు గదుల స్లాబు. అదే కాలంలో ఊళ్లోకి అమెరికా డబ్బు వచ్చింది. గుడికి కొత్త గోపురం లేచింది. కల్యాణ మండపం కట్టి, దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించారు. మా పిన్ని పేరైతే రేషన్ కార్డులో ఉన్నది కూడా కొట్టేశారు, ఇక్కడ ఉండట్లేదని.

వాళ్లు పంపితే పుట్టిన ఊరి మీద మమకారం. మనం పంపితే కూలి డబ్బు. ఈ తేడా ఎక్కడిది?

రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో బయటి దేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బులో దాదాపు 28 శాతం ఒక్క అమెరికాదే. ఆ లెక్కల్లో దేశాలున్నాయి, కులాలు లేవు. కానీ కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో మన వాడల వాళ్లు ఎందరో మనకి తెలుసు. జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కి వెళ్లే కూలీల్లో ఎవరున్నారో కూడా తెలుసు.

ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలో పూర్తయ్యాయి. ఆ నీళ్లు ఎవరి భూముల్లో పారాయో వాళ్ల పిల్లలు ముందుగా కాలేజీలకెళ్లారు. 1965లో అమెరికా వలస చట్టం మార్చి చదువుకున్నవాళ్లకి తలుపు తీసేసరికి వాళ్ల దగ్గర డిగ్రీలు సిద్ధంగా ఉన్నాయి. ఆ పొలాల్లో నాట్లేసి కోతలు కోసింది మన అమ్మమ్మలు. కాబట్టి ఆ డాలర్లో మన చెమట కూడా ఉంది. భూమి లేని మన ప్రయాణమేమో అప్పుతో మొదలై, వీసా యజమాని గుప్పిట్లో ఉండే కఫాలా పద్ధతిలోకి వెళ్లి పడింది.

డబ్బు ఇటు వచ్చినట్టే కులం అటు వెళ్లింది. 2023లో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన అలాంటి బిల్లుని అక్కడి గవర్నర్ వీటో చేశాడు. కులం లేని చోట ఇన్ని బిల్లులతో పనేముంది?

ఇప్పుడు మన వైపు మాట. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల సాయంతో మన పిల్లలూ అమెరికా వెళ్లారు. కొందరు అక్కడ రూమ్మేట్లకి ఇంటిపేరు చెప్పడానికి కూడా భయపడుతున్నారు. ఆ భయం వాళ్ల తప్పు కాదు. కానీ ఉద్యోగం వచ్చాక వాడతో బంధం ఇంటికి పంపే డబ్బుతోనే ఆగిపోతే అది మన తప్పే. చదువుకున్నవాళ్లు తమ జనాన్ని మరిచిపోయారని బాబాసాహెబ్ 1956లో ఆగ్రాలో బాధపడింది ఇందుకే.

"వాళ్లే అప్పుల్లో ఉన్నారు కదన్నా" అంటారు. నిజమే. ఎవరినీ గోపురాలు కట్టమనట్లేదు. పదిమంది కలిసి నెలకింత వేసుకుంటే వాడకొక చదువుల గది నడుస్తుంది. అసైన్డ్ భూమి కేసుకి లాయరు ఫీజు అవుతుంది. గల్ఫ్ వెళ్లే అక్కకి వడ్డీ లేని అప్పు దొరుకుతుంది. అలాగని ప్రభుత్వాన్ని వదిలేయమని కాదు. సబ్‌ప్లాన్ నిధులు మన హక్కు. ఆ నిధుల లెక్క అడగడం ఆపొద్దు.

మా వాడలో చదువుల గది మొదలుపెడితే గోడ మీద మొదటి పేరు నీదే రాస్తామని మా పిన్నికి చెప్పాను.

"గోడ సంగతి తర్వాత. ముందు రేషన్ కార్డులో ఎక్కించరా" అంది.