ఆర్మూరుకు కావాల్సింది ప్రచారం కాదు, సమాచారం

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలనీ, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర ఇవ్వాలనీ ఏ ప్రచార సంస్థ సాయం లేకుండానే దేశానికి వినిపించారు. కాబట్టి ఆ జిల్లాలోని ఆర్మూరు రైతుకు గొంతునివ్వడానికి జర్నలిజం విద్యార్థి ఇంటర్న్‌షిప్ పేరుతో రానక్కర్లేదు. రైతు మాట ఢిల్లీ దాకా వెళ్లింది, మార్కెట్ మాటే రైతు దాకా రావడం లేదు. మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్లో పసుపు ధర ఎందుకు పెరిగింది, తేమ ఎంతుంటే రేటు తగ్గుతుంది, పసుపులోని కర్క్యుమిన్ శాతం కొనేవాడికి ఎందుకు ముఖ్యం? వీటిని నాలుగు తేట వాక్యాల్లో చెప్పడమే విద్యార్థి పని కావాలి. విదేశీ కొనుగోలుదారుకు ప్రచారం వద్దా అంటారు. కావాలి, కానీ అక్కడ ఏం పరీక్షిస్తారో తెలిసిన రైతే పసుపు కొమ్మును సరిగా ఉడికించి ఆరబెడతాడు. సరుకు నిలబడ్డాకే ప్రకటన నిలబడుతుంది. సేద్యం తెలియని కుర్రాళ్లేం చెబుతారన్నది మరో అభ్యంతరం. తెలియనివాడు అర్థమయ్యేదాకా అడుగుతాడు. అలా అడిగి రాసిందే రైతుకూ అర్థమవుతుంది. 2025లో నిజామాబాద్‌లో మొదలైన జాతీయ పసుపు బోర్డు ఇలాంటి విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటే, వాళ్లు చేసిన రీల్స్‌కు వచ్చిన లైకులను కాదు, రైతులు తిరిగి అడిగిన ప్రశ్నలను లెక్కగట్టి మార్కులు వేయాలి.