బడి పేరున బీడు భూమి

ఊరి ప్రక్క మేతబీడులోనో, చెఱువు శిఖములోనో, కట్టడములు కూడదని ప్రభుత్వమే నిషేధించిన పరీవాహక ప్రదేశములోనో పాఠశాల కట్టబూనినప్పుడు ఊరివారు కొందఱు అడ్డు చెప్పుట కలదు. ఆ క్షణమునుండి వారికి విద్యాద్రోహులను బిరుదము తప్పదు. ఇరువదేండ్లుగా బడిపంతులు పనిచేసి బ్రతుకుచున్న మేము ఆ బిరుదమును వారి మెడనుండి తీసివేయుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మా తోడి యుపాధ్యాయులు కొందఱు మామీద కినియుదురేమో, కినియుదురు గాక.

విద్యాదానమును మించిన దానము లేదు, అట్టి పుణ్యకార్యమునకు నాలుగెకరముల బీడు విడుచుటకు వెనుదీయవచ్చునా యని ప్రతిపక్షులు ప్రశ్నింతురు. దానమనగా తన స్వత్వమును వదలుకొని పరునకు స్వత్వము కలిగించుట యని మన ధర్మశాస్త్రకారులు నిర్ణయించిరి. బీడు ఊరందఱిది, గొఱ్ఱెలదికూడ. దానిని ఇచ్చెదమనుచున్న పెద్దలు తమదైన సెంటు భూమినైన వదలుకొనుట లేదు. పరుల సొత్తు దానము చేయుటకు శాస్త్రమున వేఱు పేరున్నది. దానిని మేమిచ్చట వ్రాయము.

బడి యెల్లప్పుడును బీడునకే యేల పోవుచున్నది? పట్టా భూమిని కొనవలెనన్న సొమ్ము కావలెను. పట్టాదారు బలవంతుడైనచో అతని గడప త్రొక్కుటకు అధికారికి కాలాడదు. బీడునకు వెల లేదు, వ్యాజ్యము వేయు యజమానుడు లేడు. ప్రభుత్వ పాఠశాలలకై భూమి సేకరించుటకు 2013 నాటి భూసేకరణ చట్టమున అవకాశమున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి చేసిన నియమములు ప్రాథమిక పాఠశాల పిల్లవాని యింటికి ఒక కిలోమీటరులోపల నుండవలెనని చెప్పుచున్నవి. ఊరి నడుమ భూమి కొని బడి కట్టుడనుటకు ఇంతకంటె నాధార మేమి కావలెను? అయినను ఊరికి దూరముగా, గోతులు పూడ్చి, బడి కట్టుచునే యున్నారు.

హైదరాబాదు సంగతి చూతము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినది; వేలకొలది జనులు మడిసిరి. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి పైభాగమున జలాశయములు కట్టిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. వాని రక్షణకై 1996 మార్చి 8వ తేదీన వెలువడిన 111వ నంబరు ఉత్తరువు, నిండుమట్టమునుండి పది కిలోమీటర్ల వఱకు, 84 గ్రామములలో, కాలుష్యకారకములైన పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసపు కాలనీలను నిషేధించినది. అచ్చటనే తోటబంగళాలతోను పెండ్లిమందిరములతోను పాటు కళాశాలలును బడులును లేచినవి. వాన నీటికి హోటలు కప్పునకును బడి కప్పునకును భేదము తెలియదు. బడి ఒంటరిగా రాదు: వెనుక తారురోడ్డు, బస్సులు, వసతిగృహము, టీకొట్టు, మురుగుకాలువ వచ్చును. 2022 ఏప్రిలులో ఆ నిషేధములను ఎత్తివేయుచు 69వ నంబరు ఉత్తరువు వచ్చినది. దానికి విద్యాలయములే కారణమని మేమనము. ఒక పుణ్యకార్యమునకై తెఱచిన కంచెను మఱల మూయుట యెంత కష్టమో చూపుటకు మాత్రమే చెప్పితిమి.

ప్రతిపక్షుల చేతిలో మఱియొక యాయుధమున్నది. 2011 జనవరి 28వ తేదీన జగ్‌పాల్‌సింగు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, పటియాలా జిల్లాలోని యొక గ్రామపు చెఱువును గూర్చి తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు ఏర్పాట్లు చేయుడని రాష్ట్రముల నన్నిటిని ఆదేశించినది. అసాధారణ సందర్భములలో మాత్రము మినహాయింపు ఉండవచ్చుననుచు, ఆ భూమిపై అదివఱకే యున్న పాఠశాలను, వైద్యశాలను ఉదాహరించినది. 'చూచితిరా, బడికి దోషము లేదు' అని మనవారు పొంగిపోవుదురు. అదివఱకే యున్న బడియని కదా తీర్పు! నిన్న కట్టినదానిని కూల్చవలదనుట, రేపు కట్టుమనుట యగునా? ఇంగ్లీషు వాక్యమును సగము చదివి యర్థము చెప్పు విద్యార్థికి మేము మార్కులు వేయము.

అడ్డు చెప్పువారందఱును నిష్కల్మషులని మేమనుట లేదు. పరీవాహక ప్రదేశమునందే ప్రహరీ గోడల నడుమ మేడలు కట్టుకొని, ప్రక్కన సర్కారు బడి వచ్చునన్నప్పుడు మాత్రము పచ్చదనమును తలంచుకొని వాపోవు పెద్దమనుష్యులను మే మెఱుగుదుము. వారికి పచ్చదనము పట్టదు. పేదల పిల్లల కేకలు గిట్టవు. వారి వాదమున నిజమున్నను, వారు మొదట తమ గోడను గూర్చి మాటాడవలెను.

మఱి మేము? మేము పనిచేసిన యొక యూర చెఱువు శిఖమున బడి కట్టనెంచినప్పుడు గ్రామసభ కూడినది. మేమును వేదికపై నుంటిమి. ముసలి గొల్ల యొకడు లేచి, 'పంతులూ, పిల్లలకు చదువు కావాలె, కాదన. వాన నీళ్ళు యాడికి పోవాలె?' అని యడిగెను. సభలోనివారు నవ్విరి, మేమును నవ్వితిమి. తరువాత నెనిమిది నిమిషములు విద్యామహిమను గూర్చి ఉపన్యసించి చప్పట్లు పొందితిమి.

బడి కట్టిరి. మూడవ యేట వానలకు చెఱువు తన చోటికి తాను వచ్చినది. గదులలో మోకాలిలోతు నీరు. రిజిస్టర్లు తడిసి ముద్దయైనవి. నీరు తీసినను గోడల చెమ్మ పోలేదు, పిల్లల దగ్గు పోలేదు. ఆ మాసమంతయు రెండు తరగతులను దేవాలయ మంటపమున నడిపితిమి. ఊరి నడుమ, ఆ మంటపమున కెదురుగా, అర యెకరము పట్టా స్థలము ఖాళీగా పడియుండెను. అది గ్రామసభనాడు అధ్యక్షత వహించినవారిది. పిల్లలు విరామమున అచ్చటనే ఆడుకొనిరి. వారము తిరుగకుండ దానికి ముళ్లకంచె వేయించిరి.