మగ చీతా చచ్చిపోతే ఏం మిగుల్చుకుంటున్నాం?

మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానంలో చీతా కూనలు పెట్టిందంటే మన చానళ్లకు పండగే. ఈ వారం కూడా తలలు లెక్కబెడుతూ అరగంట చర్చ నడిపారు. వాటి తండ్రి ఎవరు, దాని వీర్యం ఎక్కడైనా దాచారా అని ఒక్కరూ అడగలేదు. ఒళ్లు మండిపోయింది.

2022లో నమీబియా నుంచి 8, 2023లో దక్షిణాఫ్రికా నుంచి 12 తెచ్చుకున్నాం. ఇంత చిన్న మందలో ఏ ఒక్క మగదాని వారసత్వం తెగిపోయినా నష్టమే. అసలే చీతా వీర్యం పలచన. వేల ఏళ్ల కిందట జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోగా, మిగిలిన కొద్దిపాటి చీతాల సంతానమే ఇప్పుడున్నవన్నీ. 1983లో శాస్త్రవేత్తలు ఓబ్రయన్, వైల్ట్ బృందం పరీక్షిస్తే, పెంపుడు పిల్లితో పోల్చినప్పుడు వీర్యకణాలు పదో వంతే కనిపించాయి. అందులోనూ 71 శాతం అవకరమైనవే. అడవిలో పిల్లల్ని కంటూనే ఉన్నాయిగా అంటారు. కంటున్నాయి, కాదనను. గ్లిజరాల్ కలిపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచినప్పుడు బయటపడుతుంది ఆ బలహీనత. కరిగించాక చాలా కణాలు కదలవు.

ఎదకొచ్చిన గేదెకు, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వచ్చి ముర్రా దున్న వీర్యం సూది వేసి వెళ్లిపోతాడు. చీతాతో అలా కుదరదు. మగదానితో కలిస్తేనే ఆడదానికి అండం విడుదలవుతుంది. కాబట్టి హార్మోన్ ఇంజెక్షన్లివ్వాలి, మత్తిచ్చి, పొట్టకు చిన్న గాటు పెట్టి గర్భాశయంలోకే వీర్యం చేర్చాలి. కష్టమే, అసాధ్యం కాదు. 2020లో అమెరికాలోని కొలంబస్ జూలో గడ్డకట్టించి దాచిన వీర్యంతో ప్రయోగశాలలో పిండాలు తయారుచేసి, వేరే చీతా కడుపున పెడితే రెండు కూనలు పుట్టాయి.

మనకు చేతకాదా? హైదరాబాద్ అత్తాపూర్‌లో, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన వన్యప్రాణి పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్ 2006లోనే చుక్కల దుప్పికి, ఆ మరుసటి ఏడాది కృష్ణజింకకు కృత్రిమ గర్భధారణతో పిల్లలు పుట్టించింది. మన దేశంలో అంతరించిన చీతాను క్లోనింగ్‌తో తిరిగి తెద్దామని అప్పటి సీసీఎంబీ డైరెక్టర్ లాల్జీ సింగ్ ఆశపడితే ఇరాన్ కణాలివ్వలేదు. ఇప్పుడు చీతాలే మన గడ్డ మీద ఉన్నాయి!

ప్రాణం పోయాక కూడా వృషణాల్లో కణాలు కొన్ని గంటలు బతికుంటాయి. చీతా, చిరుత, ఎలుగుబంటి, ఏ మగ జంతువు చనిపోయినా దహనానికి ముందే వృషణాలు తీసి మంచుపెట్టెలో లాకోన్స్‌కు పంపడం ప్రతి జూకూ, ప్రతి అభయారణ్యానికీ తప్పనిసరి చేయాలి. దానికి వేల కోట్లు అక్కర్లేదు. రాత్రిపూట ఫోనెత్తే పశువైద్యుడొకడు, ఖాళీ కాని నైట్రోజన్ క్యాన్ ఒకటి ఉంటే చాలు.

సరే, దాచాం. రేపు పుట్టే పిల్ల పరిగెత్తేది ఎక్కడ? పచ్చిక మైదానం అధికారుల కంటికి ఎప్పుడూ బంజరే. చెట్టు లేదు కాబట్టి ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు, లేదా గుంతలు తవ్వి మొక్కలు నాటి ఫొటో దిగొచ్చు. బట్టమేకపిట్ట కోసమని 1988లో ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడును అభయారణ్యం చేశారు. చుట్టూ ఉన్న గడ్డిభూములు మాత్రం సాగులోకి పోయాయి. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటం లేదు. కర్నూలు, అనంతపురం వైపు మిగిలిన పచ్చికనైనా రికార్డుల్లో బంజరు ఖాతా నుంచి తప్పించి పచ్చికగానే రాయమని అడుగుతున్నాను.