తాంబూలపు వేళ: నవ్విన పిమ్మట



మొన్న సంక్రాంతి పండుగకు నా చెల్లెలి యింటికి బోయితిని. అమెరికాలో నున్న దాని కూతురు పండుగకై వచ్చియుండెను. కొడుకు రాలేదు. అతడును ఆ దేశముననే యున్నాడు. అన్నాచెల్లెండ్ర యిండ్లకు నడుమ కారులో మూడు గంటల ప్రయాణము. అయినను వారిరువురికి మాటలు లేక యేడాది దాటినదట. ఆస్తి తగవా యన్నచో కాదు. వదినా మరదండ్ర పట్టింపా యన్నచో అదియును కాదు. చెల్లెలు అరిసెల పాకము చూచుకొనుచు నాతో మెల్లగా జెప్పినది.

"అర్ధరాత్రి వచ్చే ఏదో వార్తల వేళాకోళమట, అక్కయ్యా! ఇది చూచి నవ్వుతుంది. నవ్వు వచ్చిన ముక్కనల్లా వాడికి పంపుతుంది. వాడి పార్టీ వేరు, దీని పార్టీ వేరు. వాడికి కోపం వచ్చి ఫోను తీయడం మానివేశాడు. నవ్వులాటకు తోబుట్టువులు విడిపోవడం ఎక్కడైనా ఉందా?"

ఎక్కడనో యేల? మయసభలోని నవ్వు కురుక్షేత్రము దనుక బోయినదని మన పెద్దలు చెప్పుచునే యున్నారు. నవ్వు నాలుగు విధముల చేటన్న సామెతయు మనదే. అయినను నవ్వు లేని యిల్లు ఇల్లు కాదనియు మన మెరుగుదుము. కాబట్టి ఆ వేళాకోళ మెట్టిదో కన్నులార జూచి గాని తీర్పు చెప్పగూడదనుకొని, మూడు రాత్రులు అమ్మాయి ప్రక్కన గూర్చుండి చూచితిని. సముద్రముల కావల నున్న దాని స్నేహితురాండ్రు ఫోనులో జేరి చర్చించుచుండగా వింటిని. నాకు దెలిసినంత మీకును జెప్పెదను.

ఆ కార్యక్రమము పేరు 'డైలీ షో'. 1996 జూలై 22వ తేదీన అమెరికాలో కామెడీ సెంట్రల్ అను టెలివిజను చానెలున ఆరంభమైనది. దానిని కల్పించిన వారిరువురును స్త్రీలే యని విని నాకు ముచ్చట గలిగినది. వారు లిజ్ విన్‌స్టెడ్, మాడలీన్ స్మిత్‌బర్గ్. 1999 జనవరి 11 నుండి 2015 ఆగస్టు 6 వరకు జాన్ స్టూవర్ట్ అను హాస్యకారుడు దానిని నడిపి పేరు ప్రతిష్ఠలు తెచ్చెను. అతని తరువాత దక్షిణాఫ్రికానుండి వచ్చిన ట్రెవర్ నోవా 2022 డిసెంబరు వరకు నడిపెను.

చూచుటకు వార్తల వలెనే యుండును. బల్ల, కోటు, వెనుక బొమ్మలు, గంభీరమైన సంగీతము, దూరమున నిలుచుండి నివేదించు విలేకరులు, అన్నియు గలవు. ఆ విలేకరులు మాత్రము నిజమైన విలేకరులు కారు, హాస్యనటులు. వార్త నిజమైనది, వేషము పరిహాసమునకు. ఇందలి ముఖ్యమైన విద్య యొక్కటే. ఒక నాయకుడు నేడు పలికిన మాటను జూపుదురు. ఆ నాయకుడే కొన్నేండ్ల క్రిందట దానికి విరుద్ధముగా బలికిన మాటను వెదకి తెచ్చి ప్రక్కన బెట్టుదురు. అటుపిమ్మట స్టూవర్టు ఏమియు మాటాడక కెమెరా వంక జూచి యూరకుండును. జనము పకపక నవ్వుదురు. "పోయిన దీపావళికి నీవన్న మాట యేమి, ఈ దీపావళికి అనుచున్న మాట యేమి?" యని నిలదీయు అత్తగార్లున్న మన యిండ్లకు ఈ విద్య క్రొత్తది కాదు. అత్తగారికి జ్ఞాపకశక్తి యొక్కటే సాధనము; వారికి పాత చిత్రములను వెదకి తీయుటకు ప్రత్యేకముగా మనుష్యులుందురు. అంతియే భేదము.

ఈ కార్యక్రమములో విలేకరి వేషము వేసిన స్టీఫెన్ కోల్బేర్ 2005 అక్టోబరు 17న 'కోల్బేర్ రిపోర్ట్' అను సొంత కార్యక్రమమును మొదలుపెట్టి 2014 డిసెంబరు 18 వరకు నడిపెను. అందులో నతడు తన మాట తాను చెప్పడు. తనకన్న నెక్కుడు తెలిసినవాడు లేడని విర్రవీగు వ్యాఖ్యాత వేషము గట్టి, ఏ భావములను గేలిచేయదలచెనో ఆ భావములనే ఆకాశమున కెత్తి పొగడును. మన యాలంకారికులు వ్యాజస్తుతి యన్నది ఇట్టిదే.

ఇతని యభిమానుల చేష్టలు వినదగినవి. 2006లో హంగరీ ప్రభుత్వము బుడాపెస్టు నగరమునకు ఉత్తరమున డాన్యూబు నదిపై గట్టుచున్న వంతెనకు పేరు సూచింపుడని లోకుల నడిగెను. కోల్బేరు తన పేరు పెట్టింపుడని యనగానే సుమారు కోటి డెబ్బది లక్షల వోట్లు వచ్చిపడినవి. ఆ దేశపు జనాభాయే కోటి! హంగరీ రాయబారి కార్యక్రమమునకు స్వయముగా వచ్చి, ఈ గౌరవము పొందుటకు రెండు నియమములున్నవనియు, హంగరీ భాష ధారాళముగా రావలయుననియు, మనుష్యుడు మరణించి యుండవలయుననియు సెలవిచ్చెను. వంతెన మెగ్యెరి యను పేరుతో 2008లో తెరువబడెను. 2009లో నాసా వారును అంతరిక్ష కేంద్రములోని క్రొత్త గదికి పేరడిగి ఇట్లే చిక్కుకొనిరి. తుదకు గదికి వేరొక పేరు పెట్టి, వ్యోమగాములు వ్యాయామమునకై పరుగెత్తు యంత్రమునకు కోల్బేరు పేరు పెట్టిరి. ఆ సంగతి కార్యక్రమమునకు వచ్చి ప్రకటించినది, గుజరాతు నుండి వలసపోయిన తండ్రికి బుట్టిన సునీతా విలియమ్స్.

ఇంతవరకు వేడుకయే. ఇక నాలోచింపదగిన సంగతి వినుడు. ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 332 మందికి కోల్బేరు కార్యక్రమములోని యొక ముక్కను జూపి ప్రశ్నించి, ఫలితములను 2009లో ప్రకటించిరి. ఇరుపక్షముల వారికిని అతని హాస్యము సమానముగానే నచ్చినది. కాని యొక పక్షము వారు, అతడు వేషము గట్టి ఆ భావములను గేలి చేయుచున్నాడనిరి. రెండవ పక్షము వారిలో పెక్కురు, అతడు హాస్యమాడుచున్నట్లు నటించుచు తన నిజమైన యభిప్రాయమునే చెప్పుచున్నాడనిరి. ఒకే మాట, ఒకే నవ్వు, తీసికొన్న యర్థములు రెండు. ఒక చావడిలో గూర్చుండి కలిసి నవ్వినవారందరును ఒకే సంగతికి నవ్విరని తలచుట యెంత పొరపాటో చూచితిరా?

ఇంకొక సంగతి. స్టూవర్టు 2024 ఫిబ్రవరి 12న మరల వచ్చి, సోమవారములందు కార్యక్రమమును నడుపసాగెను. ఎన్నో యేండ్లుగా అతని కొరకు ఎదురుచూచిన యభిమానులకు ఆ రాత్రి పండుగ. అతడా తొలిరాత్రియే అధ్యక్ష పదవికి పోటీపడుచున్న వారిరువురి వయస్సును పరిహసించెను. ట్రంపునకు 77 ఏండ్లు, బైడెనునకు 81. బైడెను పక్షము వారైన యభిమానులలో పెక్కురు మండిపడిరి. ఇద్దరిని ఒక్క త్రాటికి గట్టితివని నిందించిరి. మరు సోమవారము స్టూవర్టు ఆ నిందలనే తీసికొని హాస్యమాడవలసి వచ్చెను. అయిదు మాసములు గడచినవి. జూలై 21న బైడెను పోటీ నుండి తప్పుకొనెను. ఆయన వయస్సును గూర్చిన సందేహములే అందుకు ముఖ్య కారణము. ఫిబ్రవరిలో నవ్వవలసిన చోట కోపగించినవారు, తమకు వినబడిన హెచ్చరికను తామే త్రోసివేసిరన్నమాట.

అమెరికాలో కోపము కోపముతోనే పోయినది. ఈజిప్టు దేశమున నట్లు కాలేదు. కైరో నగరమున బాసెమ్ యూసఫ్ అను గుండె శస్త్రవైద్యుడు 2011 విప్లవానంతరము తన యింటి బట్టలుతుకు గదిలో గూర్చుండి, స్టూవర్టును జూచి నేర్చిన పద్ధతిలో చిన్న చిన్న హాస్యచిత్రములను దీసి లోకులకు జూపెను. అవి టెలివిజను కార్యక్రమమై దేశమంతయు చూచునట్టి దయ్యెను. అధ్యక్షుడు మోర్సీని గేలిచేసినందుకు 2013 మార్చిలో అతనిని విచారించి, జామీనుపై విడిచిరి. అప్పుడు ఎందరో అభిమానులు అతని పక్షమున నిలిచిరి. ఆ జూలైలో సైన్యము మోర్సీని దింపివేసెను. అక్టోబరు 25న యూసఫ్ మరల వచ్చి, జనులు సైన్యాధిపతిని నెత్తికెత్తుకొనుటను పరిహసించెను. నిన్నటివరకు మోర్సీపై పరిహాసమునకు చప్పట్లు కొట్టినవారే నేడు ద్రోహి యనిరి. ఆ యొక్క రాత్రి తరువాత ఆ చానెలువారు కార్యక్రమమును నిలిపివేసిరి. మరియొక చానెలున కొన్ని మాసములు నడిచి, 2014 జూనులో పూర్తిగా ఆగిపోయెను. యూసఫ్ దేశము విడిచిపోయెను. హాస్యకారుని నోరు మూయించునది ప్రభుత్వమని మనమందుము. నిజమే. కాని అభిమానులు చేయి విడిచిన పిమ్మటనే ఆ పని సులువగును.

పరుల తప్పునకు నవ్వుట యెవరికైనను వచ్చును. తన తప్పును జూపినప్పుడు నవ్వగలుగుటయే హాస్యప్రియులకు బరీక్ష. రెండవ పరీక్ష, నవ్విన పిమ్మట ఏమి చేసితిమన్నది.

2010 అక్టోబరు 30న స్టూవర్టు, కోల్బేరు కలిసి వాషింగ్టనులో నొక సభ జరిపిరి. రెండు లక్షలకు పైగా జనము వచ్చిరని యొక యంచనా. వచ్చిరి, నవ్విరి, ఇండ్లకు బోయిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 16న జరిగినది వేరు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో కూలిన మేడల శిథిలములలో పనిచేసిన అగ్నిమాపకులు, పోలీసులు, కార్మికులు ఆ దుమ్ము పీల్చి వ్యాధిగ్రస్తులైరి. వారి చికిత్సకైన బిల్లు సెనేటులో నిలిచిపోయియుండెను. స్టూవర్టు ఆ రాత్రి కార్యక్రమమునంతను దానికే వినియోగించి, వ్యాధితో బాధపడుచున్న నలుగురిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని వారి మాటలను వినిపించెను. ఆ నాడు నవ్వు తక్కువ. డిసెంబరు 22న బిల్లు నెగ్గినది. 2011 జనవరి 2న ఒబామా సంతకము చేసెను. ఇది యంతయు హాస్యకారుని మహిమ కాదు. ఆ కార్మికులు యేండ్ల తరబడి శాసనసభ మెట్లెక్కి దిగినవారు. అతడు చేసినది, నవ్వుటకు వచ్చిన జనమును వారివైపు త్రిప్పుట. 2019 జూన్ 11న మరల శాసనసభ యుపసంఘము నెదుట సాక్ష్యమిచ్చునప్పుడు, సభ్యుల కుర్చీలు పెక్కులు ఖాళీగా నుండుట జూచి అతడు కన్నీరు పెట్టుకొనెను. ఆ దినము వ్యాధితో వచ్చి సాక్ష్యమిచ్చిన యొక విశ్రాంత పోలీసు డిటెక్టివు ఆ మాసము ముగియకమునుపే మరణించెను. జూలై 29న ట్రంపు సంతకముతో వారి పరిహారనిధికి దీర్ఘకాలపు భరోసా యేర్పడినది. మొదటి సంతకము ఒక పక్షపు అధ్యక్షునిది, రెండవది వేరొక పక్షపు అధ్యక్షునిది. ఇది గమనింపుడు.

కనుమ నాటి రాత్రి అమ్మాయితో నీ మాటలన్నియు జెప్పి, తుదకు ఒక్క ప్రశ్న యడిగితిని.

"అమ్మా, నీ వన్నకు పంపినవన్నీ వాడి పక్షాన్ని వెక్కిరించినవే గదా? నీ పక్షాన్ని వెక్కిరించినది ఒక్కటైనా పంపావా?"

అది ఫోను తీసి చాలసేపు వెదకినది. "లేదు, పెద్దమ్మా" యన్నది. మరికొంతసేపటికి, "ఫిబ్రవరి పన్నెండు నాటిది నేను సగంలోనే ఆపేశాను. నాకూ కోపం వచ్చింది" అని ఒప్పుకొన్నది.

ఆ రాత్రి దానిని తుద వరకు జూచినది. తెల్లవారిన పిమ్మట అన్నకు పంపినది. క్రింద నొక్క మాట వ్రాసినది: "అన్నయ్యా, ఇది నా మీదది."

వెంటనే బదులు రాలేదు. సాయంకాలము నేను ప్రయాణమగుచుండగా చెల్లెలి ఫోను మ్రోగినది. చెల్లెలు మాటాడి, ఏమియు ననక, దానిని కూతురి చేతి కిచ్చినది. అమ్మాయి పెరటి వసారాలోనికి బోయినది. వారేమి మాటాడుకొనిరో నేను వినలేదు. నవ్వు వినబడలేదు. బండి వచ్చువరకు వారు మాటాడుచునే యుండిరి.

సోదరులారా, అక్కలారా, చెల్లెండ్రారా! మన పిల్లలు రాత్రివేళ ఫోను జూచి నవ్వుచుండిన వలదనకుడు. దేనికి నవ్వుచున్నారో అడుగుడు. ప్రక్కన గూర్చుండి మీరును జూడుడు. ఆ హాస్యము మన మీదికి వచ్చిన నాడు మాత్రము లేచిపోకుడు.